ఎదురెక్కే చేపలు: మంజీరనుంచి అట్లాంటిక్ దాకా

మెదకు పట్టణానికి ఆ పేరు “మెతుకు” అన్న మాటనుంచి వచ్చిందని అక్కడివారు చెప్పుకొంటారు. నడుమ గుల్షనాబాదు అన్న పేరు కూడా వచ్చి పోయింది. మెతుకు మాత్రం నిలిచింది. ఊరి చుట్టూ చెరువులు, కుంటలు. కొద్ది దూరంలో మంజీరా నది. ఆ నదిమీద ఘనపురం వద్ద 1905 ప్రాంతంలో నిజాము ప్రభుత్వం కట్టించిన ఆనకట్ట, దానికి రెండు వైపులా మహబూబ్ నహరు, ఫతే నహరు అనే కాలువలు. ఆ కాలువల కింద పండే వరి పట్టణం పేరును సార్థకం చేస్తున్నది.

అన్నమున్న చోట చేప కూడా ఉండక తప్పదు కాబోలు. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినడం తెలంగాణమంతటా ఆచారం. తొలకరి వానలకు వాగులు కదిలి, ఆ తరువాత చెరువులు నిండి మత్తడి దుమికే రోజులలో మెదకు చుట్టుపట్ల పల్లెలలో ఒక వింత కనబడుతుంది. నీరు కిందికి దూకుతూ ఉంటే చేపలు పైకి ఎక్కజూస్తాయి. పరిగెలు, జెల్లలు, ఒక్కొక్కప్పుడు వాలుగలు కూడా నురుగులో ఎగిరిపడుతూ, రాతిమీద జారుతూ, మళ్ళీ లేస్తూ కనబడతాయి. “చేపలు ఎదురెక్కుతున్నాయి” అన్న కబురు వినగానే పిల్లలూ పెద్దలూ వలలు, వెదురు బుట్టలు, ఊతలు పట్టుకొని బయలుదేరుతారు. వారికి ఇది పండుగ. చేపకు మాత్రం సంతానం కోసం చేసే ప్రయాణం. ఎండిన బీడుమీదికి కొత్తగా నీరు వచ్చిన చోట సూక్ష్మజీవులు కోట్లుగా పుడతాయి. పిల్లలకు మేత దొరుకుతుంది, వాటిని మింగే పెద్ద చేపల బెడద తక్కువ. అందుకే కొత్తనీటి చల్లదనం, వాసన, వేగం ఒంటికి తగలగానే, గుడ్లతో నిండిన చేప ప్రవాహానికి ఎదురు తిరుగుతుంది.

చెరువు చేప ఇట్లా ఎక్కే దూరం మహా అయితే కొన్ని ఫర్లాంగులు, కొన్ని మైళ్ళు. ఇదే ప్రేరణకు లోబడి అంతకన్న ఎంతో ఎక్కువ దూరం నడిచే చేపలు లోకంలో ఉన్నాయి. వాటిలో ఒకటి గోదావరిలో ఉన్నది. మరొకటి ప్రపంచానికి ఆవలి వైపున అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్నది. ఈ రెండు చేపల కథలూ పందొమ్మిదవ శతాబ్దిలో ఒకేచోట కలుసుకొన్నాయి. ఆ కలయికలో ఒక పొరపాటు జరిగింది. దాని ఫలితం మన నదులలో నేటికీ తీరలేదు.

అట్లాంటిక్ చేప పేరు సాల్మన్. 1758లో స్వీడను శాస్త్రజ్ఞుడు లినీయస్ దానికి “సాల్మో సలార్” అని నామకరణం చేశాడు. లాటిను భాషలో సలార్ అంటే ఎగిరేది, దుమికేది. తగిన పేరే. నిలుచుండి దూకే జలపాతాన్ని ఇది గాలిలోకి లేచి దాటగలదు. సాధారణంగా మూడునుంచి పది కిలోల వరకు తూగుతుంది. నార్వేలోని తానా నదిలో 1928లో గాలానికి చిక్కిన ఒక చేప ముప్ఫై ఆరు కిలోలకు దగ్గరగా తూగింది. మన తీరప్రాంతపు బజార్లలో “ఇండియన్ సాల్మన్” అన్న పేరుతో అమ్మే మాగ చేపకు దీనితో చుట్టరికమేమీ లేదు. దొరల కాలంలో రుచి పోలికనుబట్టి పెట్టిన పేరు అది.

సాల్మన్ పుట్టేది నదుల పైభాగాన, చల్లని స్వచ్ఛమైన నీరు గులకరాళ్ళమీద పారే చోట. కార్తిక మార్గశిరాల కాలంలో, అంటే నవంబరు డిసెంబరు నెలలలో, ఆడచేప తోకతో గులకను చిమ్మి గుంట చేస్తుంది. అందులో శనగగింజంత నారింజరంగు గుడ్లు పెడుతుంది. మగచేప వాటిమీద శుక్రం విడువగానే మళ్ళీ గులక కప్పేస్తుంది. తల్లి శరీరపు బరువులో కిలోకు సుమారు పదిహేను వందల గుడ్ల లెక్క. చలికాలమంతా గుడ్లు రాళ్ళ సందుల్లోనే ఉంటాయి. నీరు మంచులా చల్లగా ఉంటుంది కాబట్టి పొదుగు నెలల తరబడి సాగుతుంది. వసంతంలో పిల్లలు బయటపడతాయి. వాటి పొట్ట కింద సొన సంచి వేలాడుతూ ఉంటుంది. అది ఇంటినుంచి తెచ్చుకొన్న సద్దిమూట వంటిది. సద్ది అయిపోయిన తరువాతనే అవి గులకలోనుంచి పైకి వచ్చి మేత వెదుక్కొంటాయి.

అటుపైన కొన్ని సంవత్సరాలు నదిలోనే గడుస్తాయి. వెచ్చని దక్షిణ నదులలో ఒకటి రెండేళ్ళు చాలు. ఉత్తరాన ఆరేడేళ్ళు కూడా పట్టవచ్చు. ఈ దశలో ఒంటి పక్కల వేలిముద్రల వంటి నల్లని మచ్చలుంటాయి. దీనిని పార్ అంటారు. ఒక వసంతంలో మచ్చలు మాసి, ఒళ్ళు వెండిలా మెరవడం మొదలవుతుంది. అంతవరకు ప్రవాహానికి ఎదురుగా నిలిచిన చేప ఇప్పుడు దానితో కలిసి దిగువకు సాగుతుంది. దీని పేరు స్మోల్ట్. సముద్రం చేరి, ఉత్తర దిక్కుగా పోయి, రొయ్యజాతి జీవులను, చిన్న చేపలను తిని వేగంగా బలుస్తుంది. సాల్మన్ మాంసానికి ఉన్న గులాబీ రంగు ఆ రొయ్యల పెంకులనుంచి వచ్చినదే. సముద్రంలో ఒక చలికాలం గడిపి తిరిగి వచ్చేవి కొన్ని, రెండు మూడు గడిపి వచ్చేవి కొన్ని. నదిలో అడుగుపెట్టిన తరువాత ఇక తిండి లేదు. ఒంట్లోని కొవ్వును కరిగించుకొంటూ నెలల తరబడి ఎదురీదుతుంది. మగచేప కింది దవడ కొక్కెంలా వంగుతుంది. గుడ్లు పెట్టిన తరువాత పసిఫిక్ సాల్మన్ జాతులు చచ్చిపోయినట్లు ఇవన్నీ చావవు. కాని ఎక్కువ భాగం చస్తాయి. కొద్దిపాటివి మాత్రం మళ్ళీ సముద్రానికి పోయి, బలిసి, మరొకసారి రాగలుగుతాయి.

ఈ మార్పులలో అతి కష్టమైనది కంటికి కనబడనిది: ఉప్పు సమస్య. ఎండిన శనగలను మంచినీటిలో వేస్తే నీరు పీల్చి ఉబ్బుతాయి. మామిడిముక్కకు ఉప్పు దట్టిస్తే నీరు విడిచి ముడుచుకొంటుంది. నదిలో చేప పరిస్థితి నానవేసిన శనగల పరిస్థితి. నీరు ఊరకే ఒంట్లోకి వస్తూ ఉంటుంది. కాబట్టి అది నీరు తాగదు, పలుచని మూత్రం ఎడతెగకుండా విడుస్తుంది, పోయిన ఉప్పును మొప్పలద్వారా తిరిగి సంపాదించుకొంటుంది. సముద్రంలో అదే చేప ఊరగాయ ముక్క. ఒంటిలోని నీరు బయటికి పోజూస్తుంది. కాబట్టి సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాలద్వారా బయటికి నెట్టాలి. స్మోల్టుకు వెండిరంగు వచ్చే వారాలలోనే మొప్పలు ఈ తిరుగు పనికి సిద్ధమవుతాయి. సిద్ధంకాని పార్‌ను తీసుకొనిపోయి ఉప్పునీటిలో విడిస్తే అది బ్రతకదు. గోదావరి మొగలో పులస దాటుతున్నదీ ఈ గడపనే, అయితే అది దాటేది రెండవ వైపునుంచి.

ఇదంతా ఈనాడు పాఠ్యపుస్తకాల మాట. తెలుసుకోవడానికి పట్టిన కాలం మాత్రం తక్కువ కాదు. సాల్మన్ సముద్రానికి పోయి తిరిగి వస్తుందని ఐరోపా బెస్తవారికి ఏనాడో తెలుసు. పదిహేడవ శతాబ్దిలో ఆంగ్ల రచయిత ఐజాక్ వాల్టన్, పిల్ల సాల్మన్‌ల తోకకు రిబ్బను కట్టి విడిస్తే ఆరునెలలకు అదేచోట మళ్ళీ దొరికాయని 1653నాటి తన గ్రంథంలో ప్రస్తావించాడు. కాని మచ్చల పార్ సాల్మన్ పిల్ల అన్న సంగతి పండితులు ఒప్పుకోలేదు. అది వేరే జాతి చిన్న చేప అని దానికొక శాస్త్రీయనామం కూడా తగిలించారు. ఫలితం ఏమిటంటే, పెద్ద సాల్మన్‌కు చట్టరక్షణ ఉండగా, దాని పిల్లలను మాత్రం ఎవరైనా గంపలకొద్దీ పట్టుకొనిపోవచ్చు.

ఈ చిక్కు విడదీసినవాడు విశ్వవిద్యాలయ పండితుడు కాడు. స్కాట్లండులో డ్రమ్లాన్రిగ్ అనే జమీందారీలో వేటజంతువుల కాపలా ఉద్యోగి జాన్ షా. అతడు 1830లలో చిన్న చెరువులు తవ్వించి, వాగునీరు మళ్ళించి, సాల్మన్ గుడ్లనుంచే పిల్లలను పెంచాడు. అవి పార్ అయ్యాయి. పార్‌లు అతడి కళ్ళముందే వెండిరంగు స్మోల్టులయ్యాయి. అంతటితో ఆగక, వేలెడంత మగ పార్ కూడా పెద్ద ఆడ సాల్మన్ గుడ్లను ఫలింపజేయగలదని చూపించాడు. అది అప్పటికి నమ్మశక్యంకాని మాట. సముద్రం ముఖమే చూడని పొట్టి మగచేపలు, పెద్ద జంటల పక్కన దాగి ఉండి తమ వంతు జరుపుకొంటాయన్నది నేడు నిరూపితమైన విషయం. చూపుకు ఓపిక తోడైతే కాపలావాడు కూడా పండితుల తగవు తీర్చగలడు.

తరువాతి మెట్లు త్వరగానే ఎక్కారు. 1904 ప్రాంతంలో జాన్‌స్టన్ అనే ఆయన స్కాట్లండులోని టే నది సాల్మన్‌ల పొలుసులను భూతద్దం కింద చూసి, చెట్టు మొద్దులో వలె వాటిలోనూ ఏటేటి వలయాలున్నాయని గుర్తించాడు. ఏ వలయాలు నదిలో పెరిగినవో, ఏవి సముద్రంలో పెరిగినవో కూడా దూరాన్నిబట్టి చెప్పవచ్చు. 1905లో మాలక్ అదే నదిలో స్మోల్టులకు వెండి తీగ గుచ్చి వదిలి, తిరిగి వచ్చినవాటిని పట్టి లెక్క చూశాడు. అయినా సముద్రంలో అవి ఎక్కడికి పోతాయన్నది మరొక అర్ధశతాబ్దం గుప్తంగానే ఉండిపోయింది. స్కాట్లండులో గుర్తువేసి విడిచిన చేప ఒకటి 1956లో గ్రీన్లండు పశ్చిమ తీరాన వలకు చిక్కింది. అప్పుడు రహస్యం బయటపడింది. దానితోపాటే ముప్పు కూడా వచ్చింది. ఎన్నో దేశాల నదులనుంచి వచ్చిన చేపలు మేసే బయలు అది అని తెలియగానే పడవలు బారులు తీరాయి. 1971 నాటికి ఆ తీరాన పట్టిన సాల్మన్ సంవత్సరానికి 2,600 టన్నులు దాటింది. చివరకు దేశాలు కూర్చొని ఒప్పందం చేసుకొన్నాయి. అది 1983లో అమలులోకి వచ్చింది.

ఇంత దూరంనుంచి తాను పుట్టిన వాగునే ఎట్లా గుర్తుపడుతుంది? అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ హాస్లర్ 1951లో తన సహచరుడు విజ్బీతో కలిసి ఒక ప్రయోగం ప్రకటించాడు. ఒక్కొక్క వాగు నీటికి దాని మట్టినిబట్టి, చెట్టుచేమలనుబట్టి ఒక్కొక్క వాసన ఉంటుందనీ, చేపలు ఆ తేడా పసిగట్టగలవనీ, సాల్మన్ పిల్ల దిగువకు పోయేటప్పుడు ఆ వాసనను జ్ఞాపకం ఉంచుకొంటుందనీ ఆయన ఊహ. తరువాత 1970లలో పసిఫిక్ సాల్మన్ పిల్లలను ఒక రసాయనపు వాసనకు అలవాటు చేసి, పెద్దవైన తరువాత ఆ రసాయనం కలిపిన వేరొక వాగులోకి అవి వచ్చేటట్లు చేసి దీనిని రుజువుచేశారు. నడిసముద్రంలో వాసన అందదు. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రమే దారి చూపుతుందని అనడానికి ఆధారాలు పెరుగుతున్నాయి.

నదికి అడ్డు కడితే ఈ చేపలకు చేటు అన్న సంగతి కూడా ఐరోపాకు కొత్తది కాదు. 1215లో ఆంగ్ల ప్రభువులు రాజుచేత ఒప్పించుకొన్న మాగ్నాకార్టాలో, థేమ్సు, మెడ్వే మొదలైన నదులలోని చేపల కట్టలన్నీ తీసివేయాలని ఒక నిబంధన ఉన్నది. అక్కడి వారి ఉద్దేశంలో పడవల దారికే ముఖ్యస్థానం కావచ్చు. లాభం చేపకూ వచ్చింది. స్కాట్లండులో శనివారం నుంచి సోమవారం దాకా కట్టలలో సందు తెరిచి ఉంచాలన్న పాత చట్టం ఉండేది. యంత్రయుగం రాగానే ఇవన్నీ కొట్టుకుపోయాయి. మురికి, మరల కట్టలు కలిసి థేమ్సు సాల్మన్‌ను 1833 నాటికి అంతం చేశాయి. అమెరికాలో కనెక్టికట్ నదిమీద 1798లో కట్టిన ఆనకట్ట ఆ నది సాల్మన్‌కు ఉరితాడైంది. 1967లో మొదలుపెట్టి, లక్షలకొలది పిల్లలను వదలి, నలభై అయిదేళ్ళు ప్రయత్నించి, చివరికి 2012లో ప్రభుత్వ శాఖ ఆ నదిలో సాల్మన్‌ను తిరిగి నిలపాలన్న ప్రయత్నం విరమించింది. తెంచడానికి ఒక్క గోడ చాలింది. అతకడానికి అర్ధశతాబ్దం చాలలేదు.

ఇక గోదావరి. 1832–33 నాటి డొక్కల కరువు తీరాంధ్రను ఊడ్చిపెట్టిన తరువాత, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట తలపెట్టాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. నడుమనున్న లంకలను కలుపుకొంటూ నాలుగు భాగాలుగా సాగిన ఆ కట్ట కింద డెల్టా అన్నపూర్ణ అయింది. ఈ ఘనత అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది మరొకటి ఉన్నది. నదులకు అడ్డంగా కట్టిన ఈ ఆనకట్టలు, గుడ్లు పెట్టడానికి పైకి పోయే చేపలను ఆపి, తీరప్రాంతపు మత్స్యసంపదకు హాని చేయవచ్చునని 1867లో లండనులోని ప్రభుత్వానికి హెచ్చరిక చేసినవాడు కాటనే. కట్టినవాడే ఆ మాట అనడం విశేషం. ఆయన పుట్టిన దేశంలో సాల్మన్ నదుల తగవు అప్పటికే ముదిరి ఉన్నది మరి.

విచారణ బాధ్యత మద్రాసు సైన్యంలోని వైద్యుడు ఫ్రాన్సిస్ డే మీద పడింది. 1829లో పుట్టిన ఈ వైద్యుడు మన దేశపు చేపలమీద మోజుతో వైద్యం కన్న మీనశాస్త్రానికే ఎక్కువ పేరు తెచ్చుకొన్నాడు. 1870లలో భారతదేశపు మత్స్యశాఖ ఇన్స్పెక్టరు జనరల్‌గా పనిచేశాడు. 1873లో మంచినీటి చేపలమీద పెద్ద నివేదిక ఇచ్చాడు; 1875–78 మధ్య “భారతదేశపు మీనములు” అన్న మహాగ్రంథం ప్రకటించాడు. ఇంగ్లండుకు తిరిగిపోయిన తరువాత 1887లో సాల్మన్ కుటుంబంమీద కూడా గ్రంథం రాశాడు. గోదావరి చేపనూ అట్లాంటిక్ చేపనూ రెండింటినీ చేతిలో పట్టి పరీక్షించినవాడు ఇట్లాంటివాడు మరొకడు అరుదు. ఆనకట్టల పాదాల వద్ద దారి మూసుకుపోయి గుమిగూడిన చేపలను ఎట్లా ఊడ్చి పట్టేస్తున్నారో డే చూశాడు. కట్టలలో దారులు వదలాలనీ, కొంతకాలం వేట ఆపాలనీ సూచించాడు. 1897లో వచ్చిన మత్స్య చట్టానికి ఈ కృషే మూలం.

ఆనకట్ట కింద గుమిగూడిన ఆ చేపలలో ముఖ్యమైనదే పులస. ఉత్తరాదివారి ఇలిష్, హిల్సా. సముద్రంలో ఉన్నప్పుడు గోదావరి మొగలోని బెస్తవారు దీనిని విలస అంటారు. ఎర్రనీటిలో ఎదురీదిన తరువాత అదే పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఏ చేపకూ దక్కని గౌరవం. పేరు మార్పు ఉత్త వేడుక కాదు. సముద్రంలో కూడబెట్టిన కొవ్వుతో నదిలో ప్రవేశించి, ఆ ప్రయాణంలో ఒంటిని మార్చుకొన్న చేపకూ, సముద్రంలో పట్టిన చేపకూ రుచిలో తేడా ఉంటుందని తిన్నవారంతా చెబుతారు. బెస్తవాడి మాటకు సాల్మన్ కథ సాక్ష్యమిస్తున్నది.

అయినా పులస సాల్మన్ కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. పులస హెర్రింగు, కవళ్ళ వంశానికి చెందినది. దాని గుడ్లు ఆవగింజల వంటివి. ఒక్కొక్క తల్లి రెండున్నర లక్షలనుంచి పదహారు లక్షల దాకా పెట్టవచ్చు. వాటిని గులకలో పూడ్చిపెట్టదు, పారే నీటికి వదిలివేస్తుంది. అవి మునగక, పూర్తిగా తేలక, ప్రవాహంతో పోతూనే ఒక రోజు లోపల పొదుగుతాయి. అంటే పులసకు కావలసింది ఊరక పై ఊరికి చేరడం కాదు. అక్కడినుంచి గుడ్లూ పిల్లలూ కొట్టుకువచ్చేటందుకు పొడవైన పారే నది కావాలి. ఇంకొక తేడా, సాల్మన్ ఎగిరి దూకుతుంది. పులస దూకదు. మందగా, నీటి లోపలే, సాఫీగా ఈదుతుంది. చిన్న అడ్డుగోడ చాలు దాన్ని ఆపడానికి.

ఐరోపాలో ఆనకట్ట పక్కన మెట్లు మెట్లుగా నీటి తొట్లు కట్టి సాల్మన్‌ను పైకి పంపే ఏర్పాటు ఉండేది. చేపల నిచ్చెన అంటారు. మన దేశంలో చేపకు దారి కావాలన్న ప్రశ్న రాగానే ఇంజనీర్ల మనసులో మెదిలినది ఆ నిచ్చెనే. కావేరి పాయ కొల్లిడంమీద లోయర్ ఆనికట్టు వద్ద చేపల దారి ఏర్పాటు చేశారు. పులస దానిని దారిగా లెక్కచేయలేదు. ఎగిరే చేపకు వేసిన నిచ్చెన ఎగరని చేపకు ఏమి ఉపయోగం? నిచ్చెన నిష్ప్రయోజనమని తేలేసరికి, “చేపలకు దారి” అన్న ఆలోచనే నిష్ప్రయోజనమన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అది ఇంకా పెద్ద నష్టం. 1934లో మేట్టూరు డ్యామ్ వచ్చిన తరువాత కావేరిలో హిల్సా కథ దాదాపు ముగిసింది. గంగా యమునలలో అలహాబాదు దాటి ఆగ్రా దాకా పోయిన ఇలిష్, 1975లో ఫరక్కా బరాజ్ పని ఆరంభించిన తరువాత ఆ ఎగువ జిల్లాలకు జ్ఞాపకంగా మిగిలింది. గోదావరిలో పాత ఆనకట్టను పెద్ద వరదలు ముంచెత్తినప్పుడు కొన్ని చేపలు పైకి పోగలిగేవి. 1982లో దాని స్థానంలో గేట్ల బరాజ్ నిలిచింది.

సాల్మన్‌ను ఇతర ఖండాలకు తరలించాలన్న మోజు కూడా ఆ కాలానిదే. 1864 జనవరిలో లండనునుంచి నార్ఫోక్ అనే ఓడ, మంచుగడ్డల నడుమ నాచులో పొదిగిన లక్షకు దగ్గర సాల్మన్ గుడ్లతో, వాటితోపాటు కొద్దివేల ట్రౌట్ గుడ్లతో ఆస్ట్రేలియాకు బయలుదేరింది. ఓడలో మంచు అన్నది అప్పటికి మనవారికీ కొత్త కాదు. అమెరికానుంచి వచ్చిన మంచును దాచడానికి మద్రాసులో 1842లోనే ఐస్ హౌస్ కట్టారు. మూడు నెలల ప్రయాణం తరువాత టాస్మేనియాలో మే నెలలో గుడ్లు పొదిగాయి. వెంట తెచ్చిన ట్రౌట్ అక్కడ స్థిరపడిపోయింది. ఏ సాల్మన్ కోసం ఇంత శ్రమ పడ్డారో అది మాత్రం స్మోల్టై సముద్రంలోకి పోయి మళ్ళీ రాలేదు. గుడ్డును ఓడలో తేవచ్చుగాని, అది మేసే సముద్రాన్ని, దారి చూపే ప్రవాహాలను తేలేరు గదా. డే కూడా 1860లలో నీలగిరులకు ట్రౌట్ తేబోయి విఫలుడయ్యాడు. అక్కడ అది నిలిచింది ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో.

ఇప్పుడు మెదకువైపు తిరిగి చూస్తే ఈ చరిత్ర పటంమీద గోడల వరుసగా కనబడుతుంది. సముద్రంనుంచి బయలుదేరిన చేప మెదకు మంజీరకు రావాలంటే మొదట ధవళేశ్వరం. తరువాత పోలవరం, దుమ్ముగూడెం. పైన తుపాకులగూడెం, మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ, ఎల్లంపల్లి బరాజులు. ఆపైన శ్రీరాంసాగరం. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి ఆ జలాశయపు పైకొసన ఉన్నది. అక్కడ మలుపు తిరిగితే 1931లో పూర్తయిన నిజాంసాగరం. అది దాటితే ఘనపురం. ధవళేశ్వరం గోడ 1852 నాటిది గనుక, మంజీరమీద మొదటి రాయి పడేనాటికే సముద్రపు తలుపు మూతపడి అర్ధశతాబ్దం గడిచింది. పులసకు విరుద్ధంగా, సముద్రంలో పుట్టి నదులలో పెరిగే మలుగు అనే పాము వంటి చేప ఒకటి ఉన్నది. దాని పిల్లలు తడిగోడలమీద పాకగలవు గనుక దానికి కొంత వెసులుబాటు ఉండేది. ఎత్తయిన డ్యాములు దానికీ గండమే.

మెదకు చెరువులలో చేప లేకుండా పోలేదు. అందుకు కారణం వేరొక మలుపు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గండుచేపలకు పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, నదితో పనిలేకుండా గుడ్లు పెట్టించారు. వరదనీటి వాసన, వేగం, చల్లదనం కలిసి చేప మెదడులో చేసే పనిని ఒక సూది చేసింది. బొచ్చె, రోహు పిల్లలు ఈనాడు చెరువులలోకి వస్తున్నది ఆ పద్ధతి వల్లనే. సాల్మన్‌కూ ఇట్లాంటి గతే పట్టింది. స్కాట్లండులోని హోవీటౌనులో 1880లలోనే, డే పరిశీలించిన చెరువులలో, సముద్రం చూడని సాల్మన్‌లు గుడ్లు పెట్టాయి. 1970 నుంచి నార్వే తీరపు ఉప్పునీటి వలపంజరాలలో పెంపకం పెరిగి నేడు ఏటా పది లక్షల టన్నులు ఎన్నడో దాటింది. లండనులోని తెలుగు గృహిణి పులుసు పెట్టే సాల్మన్ ముక్క నదీ జలపాతం ఎరుగని చేపది. అడవి సాల్మన్ మాత్రం తగ్గుతూ వస్తున్నది. 2006 నుంచి 2020 లోపల దాని సంఖ్య నూటికి ఇరవై మూడు వంతులు పడిపోయిందని లెక్కవేసి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2023 డిసెంబరులో దానిని ముప్పుకు చేరువైన జాతుల పట్టికలో చేర్చింది. అమెరికాలో కెన్నెబెక్ నదిమీది ఆనకట్టను 1999లో, పెనాబ్‌స్కాట్ నదిమీది రెండింటిని 2012, 2013లలో చేపలకోసం పడగొట్టారు. అన్నం పెట్టే ఆనకట్టలు అవి కావు. ధవళేశ్వరానికో ఘనపురానికో ఈ ఉపాయం పనికిరాదు.

పులస వాణిజ్యపు పెంపకానికి ఇంకా లొంగలేదు. అందుకే వరదల కాలంలో యానాం, ధవళేశ్వరం మధ్య ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకుతున్నది. నిర్మాణంలో ఉన్న పోలవరం స్పిల్‌వే పక్కన ఈసారి చేపల దారి ఒకటి పెట్టారు. బారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ సలహాతో, సాల్మన్‌ను కాక పులసను దృష్టిలో ఉంచుకొని, నదిమట్టం మారినా పనిచేసేటట్లు వేరువేరు ఎత్తులలో గేట్లతో దానిని రూపొందించారు. డే నివేదికకూ దీనికీ నడుమ దాదాపు నూట యాభై ఏళ్ళు. పులస ఆ దారి పట్టాలంటే ముందు ధవళేశ్వరం బరాజ్ దాటాలి. అది వరదలో గేట్లన్నీ ఎత్తిన రోజులలో సాధ్యం. దారి దాటిన తరువాత ఎదురుపడేది పాపికొండల నడుమ నిలిచే జలాశయం. అక్కడ విడిచిన గుడ్డుకు అది పొదిగేటంతవరకు, ఆ ఇరవై నాలుగు గంటలూ, కింద పారే నీరు ఉండాలి.